వీధిచెట్టు మీది పిట్టలకి 8×42 బైనాక్యులర్: వాడి చూశాక

చలికాలం పక్షుల్ని చూడాలంటే మా విజయనగరంలో అందరూ తేలినీలాపురం వెళ్ళమంటారు. గూడబాతుల కోసమైతే వెళ్ళాల్సిందే. నాకు కావలసినవి మాత్రం అయ్యకోనేరు దగ్గర, మా డాబా ఎదురుగా ఉన్న సింగపూర్ చెర్రీ చెట్టు మీదికే వస్తాయి. గులాబీ గోరింకలు. వాటికోసమే ఈ బైనాక్యులర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఐదు వేల లోపే.

8 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. అమ్మేవాళ్ళు ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని ఊరిస్తారు, పడకండి. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ పెద్దదై కనిపిస్తుంది, చూపు అందే వెడల్పు తగ్గిపోతుంది. ఆకుల్లో ఒక్కచోట నిలవని పిట్టని పట్టాలంటే వెడల్పే ముఖ్యం. పొద్దున్నే మంచులో కూడా బొమ్మ బాగానే ఉంది.

మామూలుగా చూస్తే ఈ గోరింకలది నల్లతల, మాసిపోయిన గులాబీ ఒళ్ళు. దీంతో చూస్తే ఆ మాపంతా ఈకల అంచుల్లోనే ఉందని తెలుస్తుంది. కొత్త ఈకల అంచు గోధుమరంగులో ఉంటుంది. అది అరిగేకొద్దీ అసలు రంగు తేలుతుంది. మధ్య ఆసియాకి తిరిగి వెళ్ళే వేళకి పెళ్ళికళ వచ్చేస్తుందన్నమాట. ఈ ఏటి పిల్లలు మాత్రం మట్టిరంగులో, పసుపు ముక్కుతో ఉంటాయి. పండు దొరకబుచ్చుకున్నదాని మీదికి ఇంకో రెండు ఎగబడతాయి. అరుపులు చెప్పక్కర్లేదు.

అమెరికాలోని డులూత్‌లో ఉండే మా అబ్బాయి వీడియో కాల్‌లో వాళ్ళ వీధిలో పూలకోసం వేసిన క్రాబ్ ఆపిల్ చెట్టు చూపించాడు. మంచులో ఎర్రటి కాయలు, వాటిమీద పైన్ గ్రోస్‌బీక్ అనే ఫించ్ జాతి పిట్ట. అది గుజ్జు పారేసి గింజలు తింటోంది. మా గోరింకలు గుజ్జూ గింజా అన్నీ మింగేసి, ఆ గింజల్ని కింద పెట్టిన బళ్ళ మీద వదులుతాయి. "పిట్టలకి ఐదు వేలు పెట్టావు, నా స్కూటీకి ఒక కవర్ కొనవే" అని మావారి గోల.

లోపాలూ ఉన్నాయి. ఫోకస్ చక్రం బిగుతు. తాడు మెడని కోసేస్తుంది, వెడల్పు పట్టీ విడిగా కొనుక్కోవాలి. మూడు మీటర్ల లోపు ఏదీ స్పష్టంగా కనిపించదు. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంది గానీ ఒక్క జల్లుకే అద్దాల లోపల ఆవిరి పట్టింది. అమ్మినవాళ్ళకి రాస్తే ఇప్పటికీ జవాబు లేదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని పూర్తిగా లోపలికి తిప్పుకోవాలి.

అయిదుకి మూడున్నర ఇస్తాను. కొంటే మాత్రం, డబ్బా విప్పిన రోజే దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది నంబరు చూడండి. రెండు కళ్ళతో చూసినప్పుడు అంకెలు రెండేసిగా కనిపిస్తే లోపల అద్దాలు పక్కకి జరిగినట్టే. రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.