తెర ఉన్న కారు కీ, మామూలు కీ, ఫోన్: ఏది మేలు?

మా బావగారు ఈ మధ్య తన కొత్త కారు కీ నా చేతిలో పెట్టారు. చూస్తే పాత బటన్ ఫోన్ లాగే ఉంది, కాస్త మందంగా, మధ్యలో నల్లటి అద్దం. పక్కనున్న బటన్ నొక్కితే తెర వెలిగి, ఇంధనం ఎంతుంది, తలుపులు వేసి ఉన్నాయా అన్నీ చూపించింది. బాగుంది. కానీ రోజూ జేబులో ఏ కీ ఉండాలి అని అడిగితే నేను దీని పేరు చెప్పను.

ఇలాంటి వాటిలో బాగా పేరొచ్చింది బీఎండబ్ల్యూ డిస్‌ప్లే కీ. 2015లో కొత్త 7 సిరీస్‌తో వచ్చింది, 2.2 అంగుళాల టచ్ స్క్రీన్. కారుకు దగ్గరగా ఉన్నంతసేపే తాజా వివరాలు తెలుస్తాయి. దూరం వెళ్లాక కనిపించేది చివరిసారి అందిన సమాచారమే. అంటే ఇంట్లో కూర్చుని "కారు లాక్ చేశానా?" అని టెన్షన్ పడే మనిషికి ఇది చెప్పేది పాత కబురు కావచ్చు. అదే పని నెట్‌కు అనుసంధానమైన కారు యాప్ ఎక్కడినుంచైనా చేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ కీ నిజంగా అక్కరకొస్తుంది. తలుపు తెరవడానికి కూడా సందు లేని ఇరుకు చోట, మనం బయట నిలబడి కీతోనే కారును లోపలికి నడిపించవచ్చు. ఆ సౌకర్యం ఆ 7 సిరీస్‌లో కొన్ని కార్లకు ఉంది. పక్క కారుకు గీత పడకుండా నలిగిపోయి దిగేవాళ్లకు దాని విలువ తెలుసు.

అసలు చిక్కు ఛార్జింగ్ దగ్గరే. మామూలు రిమోట్ కీలో రూపాయి బిళ్లంత సెల్ వేస్తే ఏడాదికి పైగా దాని ఊసే ఉండదు. తెర ఉన్నదాన్ని ఫోన్‌లాగే ఛార్జింగ్ పెట్టుకుంటూ ఉండాలి. బావగారు పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి తెర నల్లగా ఉంది, ఎంత నొక్కినా వెలగలేదు. లోపల దాచిన లోహపు కీతో తలుపు తీసి, స్టీరింగ్ పక్కన గుర్తు వేసి ఉన్న చోట కీని ఆనించి స్టార్ట్ చేశారు. ఇలాంటి కీ కొనేవాళ్లు ఆ రెండూ మొదటి రోజే ఒకసారి చేసి చూసుకోవాలి. చీకట్లో, వానలో నేర్చుకునే పని కాదది.

దొంగతనం సంగతికొస్తే, తెర వల్ల అదనపు రక్షణేమీ లేదు. జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే కీలన్నిటికీ ఒక బెడద ఉంది: ఒకడు ఇంటి గుమ్మం దగ్గర కీ సిగ్నల్ పట్టి, కారు దగ్గరున్న ఇంకొకడికి అందిస్తాడు. కీ పక్కనే ఉందనుకుని కారు తలుపు తెరుస్తుంది. ఇప్పుడు కొన్ని కార్లకు మన ఫోన్‌నే కీగా వాడొచ్చు. వాటిలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి ఉన్న కొత్త ఫోన్ కీలు ఈ దారి చాలావరకు మూసేస్తాయి. సిగ్నల్ వచ్చి వెళ్లే సమయాన్ని బట్టి అవి దూరాన్ని కొలుస్తాయి, కాబట్టి మధ్యలో ఎవరైనా సిగ్నల్ మోసుకొస్తే ఆలస్యం బయటపడుతుంది. కార్ల, ఫోన్ల కంపెనీలు కలిసి పెట్టుకున్న డిజిటల్ కీ 3.0 అనే 2021 నాటి ప్రమాణంలో ఇది ఉంది. ఫోన్ ఛార్జ్ అయిపోతే? కొన్ని ఐఫోన్లలో స్విచాఫ్ అయ్యాక కూడా 5 గంటల వరకు కీ పనిచేసే ఏర్పాటుంది. ఆ తర్వాత వేరే దారి ఉండాలి.

చేతికి కట్టుకునే కీ కూడా ఉంది. జాగ్వార్ ఎఫ్-పేస్ కారుతో మొదట వచ్చిన యాక్టివిటీ కీ నీళ్లలో తడిసినా పాడవదు, దానికి బ్యాటరీయే లేదు. అసలు కీని కారులోనే వదిలి ఈతకు వెళ్లొచ్చు. తెర కన్నా ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది.

కాబట్టి నా లెక్క ఇదీ. కారుకు అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఫోన్ కీ ఉంటే రోజూ అది వాడండి, సంచిలో మామూలు కీ ఒకటి పెట్టుకోండి. ఆ సౌకర్యం లేకపోతే మామూలు కీ చాలు, రాత్రిపూట సిగ్నల్ బయటికి పోనివ్వని సంచిలో వేసి ఉంచండి. తెర ఉన్న కీకి అదనంగా డబ్బు కట్టమంటే, మీ పార్కింగ్ చోటు నిజంగా అంత ఇరుకైనదైతేనే, మీ కారు మోడల్‌లో ఆ రిమోట్ పార్కింగ్ ఉందని తేలితేనే కట్టండి.