స్క్రైబస్‌లో తెలుగు పేజీ: స్టేబుల్ వెర్షన్ కోసం ఆగడమా, డెవలప్‌మెంట్ వెర్షన్ వాడేయడమా?

స్క్రైబస్ అంటే పుస్తకాల పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని 1.4 వెర్షన్ వచ్చింది 2012 జనవరిలో. దాని తర్వాతి స్టేబుల్ వెర్షన్ 1.6 చేతికొచ్చేసరికి 2024 జనవరి అయింది. ఈ పన్నెండేళ్లలో ఇంగ్లిష్ పుస్తకాలు కట్టేవాళ్లకు పని నడిచిపోయింది. యూనికోడ్ తెలుగు వాళ్లకే నడవలేదు. 1.4లో ‘స్త్రీ’ అని పేస్ట్ చేస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం దేనికదే విడిపోయి వరసగా నిలబడేవి. వొత్తును కిందికి దించి, గుణింతాన్ని తలకెక్కించే షేపింగ్ ఇంజిన్ అందులో లేదు.

ఆ పని చేసే హార్ఫ్‌బజ్ 2017లో 1.5.3తో వచ్చింది. అయితే స్క్రైబస్ లెక్కలో రెండో అంకె సరి సంఖ్యైతే స్టేబుల్ (నమ్మి వాడుకోదగ్గది), బేసైతే డెవలప్‌మెంట్ (ఇంకా తయారవుతున్నది). కాబట్టి తెలుగు సరిగ్గా చూపే వెర్షన్ ఆరేళ్లకు పైగా ‘ప్రెస్సు పనికి నమ్ముకోవద్దు’ అనే వరుసలోనే ఉండిపోయింది. ఇప్పుడు 1.7 వరుసతో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది గనుక, అప్పట్లో ఉన్న దారులు ఎంతవరకు పనికొచ్చాయో చూడాలి.

పాత స్టేబుల్‌లోనే అను ఫాంట్లతో లాగడం ఒకటి. అవి యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టినవి. అందువల్ల షేపింగ్ లేకపోయినా అచ్చు బాగానే వస్తుంది. కానీ పీడీఎఫ్‌లో తెలుగు పదం వెతికితే దొరకదు, కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. ఈబుక్ కూడా వేయాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

శీర్షికలను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’తో గీతలుగా మార్చి, ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైలుగా తెచ్చుకోవడం ఇంకొకటి. కవర్ పేజీకి, పోస్టర్‌కి చక్కగా సరిపోతుంది. లోపలి పేజీలకు వద్దు. ఒక్క అచ్చుతప్పు దిద్దాలన్నా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

లిబ్రాఆఫీస్ రైటర్‌లో తెలుగు ఇబ్బంది లేకుండా వస్తుంది. చిక్కంతా నలుపు దగ్గర. దాని పీడీఎఫ్‌లో అక్షరాల నలుపు ఆర్‌జీబీలో, అంటే తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో ఉంటుంది. ప్రెస్సులో దాన్ని సీఎంవైకేకి, అంటే నాలుగు సిరాల (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) లెక్కకు మార్చినప్పుడు ఒక్క నల్ల ప్లేటుకు బదులు నాలుగు ప్లేట్లలోకీ చీలిపోయే ప్రమాదం ఉంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా 9 పాయింట్ల వొత్తులు అలుక్కుపోతాయి. ఇంట్లో ప్రింటర్ మీద ఈ తేడా తెలియదు, ఆఫ్‌సెట్‌లో తెలుస్తుంది. స్క్రైబస్‌లోనైతే అక్షరాలకు కే 100 (నల్ల సిరా ఒక్కటే, నూరు శాతం) అని మీరే పెట్టొచ్చు.

అందుకే లోపలి పేజీలన్నీ తెలుగైతే, పాత స్టేబుల్‌ను పట్టుకుని ఆగడం కన్నా 1.5 వాడినవాళ్లదే సరైన నిర్ణయం. 1.7 విషయంలో మాత్రం నా సలహా తిరగబడుతుంది. 1.6లోనే షేపింగ్ ఉంది, ప్రెస్సుకిచ్చే పీడీఎఫ్ రకాలైన పీడీఎఫ్/ఎక్స్-1ఎ, ఎక్స్-4 ఉన్నాయి. పుస్తకానికి కావలసినదంతా స్టేబుల్‌లోకి వచ్చేశాక గడువున్న పనిని 1.7లో పెట్టాల్సిన అవసరం లేదు. సరదాగా చూడాలంటే పక్కన వేసుకుని చూడండి.

తప్పనిసరై డెవలప్‌మెంట్ వెర్షన్ వాడితే, పుస్తకం ఏ బిల్డ్‌లో (ఆ వెర్షన్‌లో ఏ విడుదలలో) మొదలుపెట్టారో అందులోనే ముగించండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకుంటుందని నమ్మకం లేదు. 1.5లో సేవ్ చేస్తే 1.4కి అసలు పనికిరాదు. పైగా ఇంజిన్ మారితే లైన్లు విరిగే చోటు మారుతుంది. 40వ పేజీలో ఒక్క లైను కిందికి జారితే చాలు, ఆపై విషయసూచికలోని పేజీ నంబర్లన్నీ అనుమానమే. లినక్స్‌లోనైతే ఆ యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ప్రోగ్రామ్) ఫైలునే పుస్తకం ఫోల్డర్‌లో దాచుకోండి. ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’తో బొమ్మలు, ఫాంట్లు కూడా అక్కడికే చేర్చండి.

కొత్త బిల్డ్ ఏదైనా ముందు ఒక పరీక్ష పేజీ పెట్టండి. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, ఫేస్‌బుక్ అనే పదాలను 9, 11, 24 పాయింట్లలో, మీరు వాడబోయే ఫాంట్‌లోనే, రామభద్రో మండలియో నోటో సెరిఫ్ తెలుగో, టైప్ చేసి పీడీఎఫ్ తీయండి. 400 శాతానికి పెంచి చూడండి. ‘ఫేస్‌బుక్’లో స్ పక్కన బు విడిగా నిలబడాలి. అది ‘ఫేస్బుక్’లా కిందికి దిగితే మధ్యలోని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు) పేస్ట్ చేసేటప్పుడో ఎక్స్‌పోర్ట్‌లోనో రాలిపోయినట్టు. ‘రాష్ట్రం’ కింది వొత్తులు తర్వాతి లైను గుడులను తాకుతుంటే ఆటోమేటిక్ లైన్ స్పేసింగ్ తీసేసి, 11 పాయింట్లకు 16 దగ్గర ఫిక్స్‌డ్‌గా మొదలుపెట్టి ఫాంట్‌ను బట్టి సర్దుకోండి.