వ్యాపార అప్లికేషన్లకు జావా సపోర్టు: ఎవరి దగ్గర, ఏ లెక్కన కొనాలి?

బిల్లింగ్, జీతాల లెక్కలు, గోడౌన్ నిల్వలు వంటి పనులకు జావా (ప్రోగ్రాములను రాయడానికి, నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్) అప్లికేషన్లను నడుపుతున్న మధ్యతరహా సంస్థలు ఇటీవలి సంవత్సరాల్లో తప్పనిసరిగా తేల్చుకోవలసి వస్తున్న విషయం ఒకటుంది: జావాకు డబ్బు కట్టాలా, కడితే ఎవరికి కట్టాలి? ఒరాకిల్, రెడ్ హ్యాట్, అజుల్ సంస్థలు డబ్బు తీసుకుని ఇచ్చే సేవలను, ఉచితంగా దొరికే జావా రూపాలైన టెమ్యూరిన్, అమెజాన్ వారి కొరెట్టోలను పక్కపక్కన పెట్టి చూస్తే, చాలా సంస్థలకు ఒరాకిల్ సబ్‌స్క్రిప్షన్ అవసరం లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. అలాగని ఎవరికీ పైసా కట్టకుండా నడిపించడం కూడా అన్నిచోట్లా క్షేమం కాదు.

సన్ మైక్రోసిస్టమ్స్ 2006లో జావా సోర్స్ కోడ్‌ను ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేయడం మొదలుపెట్టింది. 2010లో ఆ సంస్థను ఒరాకిల్ కొన్న తరువాత కూడా ఓపెన్‌జేడీకే అనే పేరుతో ఆ పని బహిరంగంగానే సాగుతోంది. పైన చెప్పిన బిల్డులన్నీ (ఎవరికి వారు తయారుచేసి ఇచ్చే జావా ప్యాకేజీలు) ఆ మూలం నుంచి తయారై, ఒకే రకమైన అనుకూలతా పరీక్షలు నెగ్గి వస్తున్నవే కనుక, ఒకరి జావా 17 తీసేసి మరొకరి జావా 17 పెట్టినప్పుడు సాధారణంగా అప్లికేషన్ కోడ్‌ను ముట్టుకోనక్కరలేదు. కాబట్టి సపోర్టు కాంట్రాక్టులో మనం చెల్లించే ధర భద్రతా ప్యాచ్‌లు సకాలంలో అందడానికి, పాత వెర్షన్లను ఏళ్ల తరబడి నిర్వహించడానికి, సర్వర్ ఆగిపోయినప్పుడు సమాధానం చెప్పే ఇంజనీరుకు. ఏ కొటేషన్‌నైనా ఈ మూడింటితోనే తూచాలి.

నాణ్యత విషయంలో ఒరాకిల్‌కు వంక పెట్టడానికి లేదు. ఓపెన్‌జేడీకేలో ఎక్కువ పని చేసేది వారి ఇంజనీర్లే. 2014లో వచ్చిన జావా 8కు కూడా 2030 డిసెంబరు వరకు సపోర్టు ఇస్తామని వారు ప్రకటించారు. చిక్కంతా ధర కట్టే పద్ధతిలో ఉంది. జావా 8కు వ్యాపార వినియోగదారులకిచ్చే ఉచిత అప్‌డేట్లు 2019 జనవరితో ముగిశాయి. అప్పట్లో సర్వర్లకు ప్రాసెసర్ లెక్కన నెలకు 25 డాలర్లు జాబితా ధరగా ఉండేది. 2023 జనవరిలో తెచ్చిన యూనివర్సల్ సబ్‌స్క్రిప్షన్ ఈ లెక్కను పూర్తిగా మార్చి, సంస్థలోని మొత్తం ఉద్యోగుల సంఖ్యను కొలమానం చేసింది. జావాను ఎన్నడూ తాకని గుమస్తా, పార్ట్‌టైమ్ ఉద్యోగి, సంస్థ అంతర్గత పనుల్లో ఉన్న కాంట్రాక్టు సిబ్బంది కూడా ఆ లెక్కలోకి వస్తారు. 999 మంది వరకు ఉన్న సంస్థకు జాబితా ధర మనిషికి నెలకు 15 డాలర్లు.

ఉదాహరణకు 400 మంది పనిచేసే ఒక దుస్తుల కంపెనీలో జావా నడిచేది ఎనిమిది ప్రాసెసర్ల మీద మాత్రమే అనుకుందాం. పాత లెక్కన ఏడాదికి 2,400 డాలర్లు కట్టవలసిన ఆ కంపెనీకి కొత్త లెక్కన 72,000 డాలర్లవుతుంది. మన దగ్గర దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. బేరమాడితే జాబితా ధర కొంత తగ్గవచ్చు గాని, వాడకంతో సంబంధం లేని కొలమానం మాత్రం మారదు. మనుషులు ఎక్కువగా, కంప్యూటర్లు తక్కువగా ఉండే మన ఫ్యాక్టరీలకు, ఆసుపత్రులకు, కళాశాలలకు ఈ పద్ధతి బొత్తిగా సరిపడదు.

వెబ్‌లాజిక్ వంటి ఒరాకిల్ ఉత్పత్తులను ఇప్పటికే కొన్నవారు ఇక్కడ కాస్త ఆగి తమ పత్రాలు చూసుకోవాలి. ఆ ఉత్పత్తులను నడపడానికి అవసరమైన మేరకు జావా హక్కు ఆ లైసెన్సులోనే ఉంటుంది; విడిగా కొనక్కరలేదు. ఒరాకిల్ క్లౌడ్ మీద నడిచే వాటికీ విడిగా కట్టవలసిన పని లేదు. జావా 17 నుంచి కొత్త వెర్షన్లను వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోనిస్తున్నారు గాని, దీర్ఘకాలిక (ఏళ్ల తరబడి సపోర్టు ఉండే) వెర్షన్లకు ఆ వెసులుబాటు తరువాతి అలాంటి వెర్షన్ వచ్చాక మరో ఏడాది దాకానే. జావా 17కు అది 2024 సెప్టెంబరులో ముగిసింది. దానిని నమ్ముకున్నవారు గడువులోగా పై వెర్షన్‌కు మారిపోవాలి. ఊరుకుంటే ఆ తరువాతి ప్యాచ్‌లు డబ్బు కట్టే లైసెన్సు కిందికి వెళ్లిపోతాయి.

డబ్బు కట్టవలసిన చోట నేను మొదట సూచించేది రెడ్ హ్యాట్‌ను. సర్వర్లు ఇప్పటికే రెడ్ హ్యాట్ లినక్స్ మీద ఉంటే ఓపెన్‌జేడీకే సపోర్టు ఆ సబ్‌స్క్రిప్షన్‌లోనే కలిసి వస్తుంది. 2019లో ఓపెన్‌జేడీకే 8, 11 అప్‌డేట్ల సారథ్యం చేపట్టినది కూడా ఈ సంస్థ ఇంజనీర్లే కనుక పాత వెర్షన్ల లోతుపాతులు వారికి బాగా తెలుసు. ఇతర లినక్స్‌లు, విండోస్ కలగలిసి ఉన్నచోట, లేదా జావా 6, 7 వంటి మరీ పాత వెర్షన్లను వదిలించుకోలేని చోట అజుల్ మెరుగు. వారి ధర ఉద్యోగుల తలలను లెక్కపెట్టదు. కేవలం భద్రతా సవరణలు మాత్రమే ఉండే ప్యాచ్‌ను చెల్లింపు వినియోగదారులకు విడిగా ఇవ్వడం వారి సేవలో నాకు బాగా నచ్చిన అంశం. ఇతర మార్పులేవీ కలవని ప్యాచ్ అయితే, ఆర్థిక సంవత్సరాంతంలో బిల్లింగ్ సర్వర్ మీద కూడా ధైర్యంగా వేయవచ్చు.

ఉచిత బిల్డులతో సరిపెట్టుకునేవారు ప్యాచ్‌లు వేసే క్రమశిక్షణను మాత్రం తామే పాటించాలి. 2022 ఏప్రిల్‌లో బయటపడిన ఒక లోపం ఇందుకు మంచి ఉదాహరణ. జావా 15లో డిజిటల్ సంతకాలను సరిచూసే కోడ్‌ను సీ ప్లస్ ప్లస్ నుంచి జావాలోకి తిరగరాసినప్పుడు ఒక తనిఖీ జారిపోయి, అంతా సున్నాలే ఉన్న సంతకాన్ని కూడా అది సరైనదిగా అంగీకరించేది. ఆ నెల ప్యాచ్‌తో జావా 17, 18లకు లోపం సరిదిద్దబడింది. కాలం చెల్లిన 16 మీద ఉండిపోయినవారు వెర్షన్ మార్చుకోవలసి వచ్చింది. ఏటా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో వచ్చే ఈ ప్యాచ్‌లను పరీక్షించి వేయగలిగిన మనిషి సంస్థలో ఉంటే, టెమ్యూరిన్ నిస్సందేహంగా చాలు. అమెజాన్ క్లౌడ్ మీద ఉండి వారి సపోర్టు ప్లాన్ కొన్నవారికి కొరెట్టో మరింత అనువైనది, ఎందుకంటే దానిపై వచ్చే సందేహాలనూ ఆ ప్లాన్ కిందనే అడగవచ్చు.

ఎవరినైనా కొటేషన్ అడిగే ముందు ప్రతి యంత్రంలో ఎవరి జావా, ఏ వెర్షన్ ఉందో జాబితా రాయించాలి. సర్వర్ల కంటే ఉద్యోగుల డెస్క్‌టాప్‌లలోనే అనుకోని జావా ఎక్కువగా దొరుకుతుంది. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన ఒరాకిల్ జావా 8 అప్‌డేట్లు సొంత వాడకానికి, అప్లికేషన్ల తయారీకి ఉచితమే గాని, ఆఫీసు పని నడపడానికి కాదు. అలాంటివి కనిపిస్తే కొటేషన్ రాకముందే తీసేసి వాటి స్థానంలో టెమ్యూరిన్ పెట్టించాలి.