డే కేర్ సెంటరా, బాబాయి షాపా? మా అన్న విషయంలో రెండూ చూశాం

మా అన్నకి స్కిజోఫ్రీనియా వచ్చి 12 ఏళ్లు. మందులకి చెవిలో మాటలు తగ్గాయి గానీ రోజంతా మంచం మీదే, స్నానానికి కూడా అమ్మ బతిమాలాలి. అది బద్ధకం కాదండి, జబ్బులో భాగమే, దాని మీద మందులు అంతగా పనిచెయ్యవు, అందుకే ఏదో ఒక పనిలో పెట్టమంటారు.

ముందు విజయవాడలోనే ఒక డే కేర్‌లో (మానసిక జబ్బున్నవాళ్లు పగలంతా గడిపే సెంటర్) చేర్చాం. పేపర్ కవర్లు, క్యారమ్స్, కలిసి భోజనం. "ఏం చేస్తుంటావ్ బాబూ" అని అడిగేవాళ్లే ఉండరక్కడ, అందరిదీ అదే కథ కదా, అమ్మకీ కాస్త ఊపిరాడింది. నిద్ర తగ్గినా (జబ్బు తిరగబెడుతోందనడానికి అదో గుర్తు) వాళ్లే ముందు పసిగట్టేవాళ్లు. కాకపోతే సింగ్ నగర్ నుంచి రెండు బస్సులు మారాలి, రాత్రి వేసుకున్న క్లోజాపైన్ మాత్ర మత్తు పొద్దున 9 దాకా దిగదు, పైగా ఆర్నెల్లు కవర్లు అంటించి అంటించి విసుగొచ్చేసింది వాడికి.

తర్వాత బాబాయి కిరాణా షాపు. రోజూ రెండు గంటలు పప్పులు తూచి ప్యాకెట్లు కట్టడం, లేటైనా ఎవరూ ఏమనరు. మొదటి వారం 300 చేతిలో పడగానే అమ్మకి మల్లెపూలు తెచ్చాడు, సెంటర్లో ఎన్నాళ్లున్నా ఇది చూళ్లేదు మేం. కానీ ఎవరో కస్టమర్ అరిచాడని మూడ్రోజులు గడప దాటలేదు.

నన్నడిగితే హాస్పిటల్ నుంచి వచ్చిన కొత్తలో సెంటరే మేలు, కుదుటపడ్డాక షాపు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా వైకల్యమే, 40 శాతం వైకల్యం సర్టిఫికెట్‌కి అప్లై చేసి పెట్టుకోండి. డౌటొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మావాడు ఇప్పుడు వారానికి రెండ్రోజులు సెంటర్, మిగతావి షాపు.