రీఫ్ ట్యాంక్‌కి సున్నపు తేట: ఐదారేళ్లు వాడాక

ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా రీఫ్ ట్యాంక్‌లో, అంటే ఇంట్లో పగడాలు పెంచే అక్వేరియంలో, కింద ఉండే సంప్ అనే తొట్టితో కలిపి, సుమారు 280 లీటర్ల ఉప్పునీళ్లు ఉంటాయి. లోపల ఎక్కువగా గట్టి పగడాలే. వాటికి కాల్షియం అందించడానికి సీసాల్లో వచ్చేవి, పొడులుగా వచ్చేవి చాలానే కొన్నాను. ఇప్పటికీ వదలకుండా వాడుతున్నది మాత్రం అన్నిటికంటే చవకైన కాల్క్‌వాసరే. స్కూల్ ల్యాబ్‌లో గొట్టంతో ఊది పాలలా మార్చిన సున్నపు తేట గుర్తుందా, అదే ఇది.

ఆర్వో డీఐ నీళ్లలో (ఫిల్టర్‌తో లవణాలన్నీ తీసేసిన నీళ్లు) కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి మూత పెట్టి, మడ్డి కిందికి దిగాక పైన తేరిన నీళ్లు వాడాలి. లీటరుకి ఒకటిన్నర గ్రాముకి కాస్త పైన, అంతే కరుగుతుంది. ఎక్కువ వేసినా అడుగునే ఉంటుంది, నష్టమేమీ లేదు. ఇక్కడ సూపర్ మార్కెట్లో ఊరగాయల సామాను దగ్గర పికిలింగ్ లైమ్ అని దొరుకుతుంది. ఒక పౌండ్ ప్యాకెట్ నాకు దాదాపు రెండు నెలలు వస్తుంది. తాంబూలం సున్నం వేయొచ్చా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. వద్దు, అందులో ఇంకేం కలిపారో మనకి తెలియదు.

ట్యాంక్‌లో రోజూ ఆవిరయ్యే నీళ్లకి బదులు ఈ తేట పోస్తాను. నాలుగు లీటర్లు పోస్తే ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్, బైకార్బొనేట్‌ల బలం, కొలిచేది డీకేహెచ్‌లో) 1.6 డీకేహెచ్, కాల్షియం 11 నుంచి 12 పీపీఎమ్ పెరుగుతాయి. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి ఈ రెండింటినీ తీసుకునేది కూడా సరిగ్గా ఇదే నిష్పత్తిలో. అందుకే ఒకటి పెరిగిపోయి ఇంకొకటి తగ్గిపోయే గొడవ ఉండదు. టూ-పార్ట్ (కాల్షియం ఒక సీసా, సోడా ఇంకో సీసాగా విడివిడిగా పోసే పద్ధతి) వాడితే కాల్షియం క్లోరైడ్‌లోని క్లోరైడూ, సోడాలోని సోడియమూ కలిసి ఉప్పుగా మిగిలిపోతాయి. నెలలు గడిచేకొద్దీ లవణీయత మెల్లగా పైకి పాకుతుంది. తేటతో ఆ బాధ లేదు.

కొత్తవాళ్లందరూ కాల్షియం కొలిచే కిట్ పట్టుకుని కూర్చుంటారు. నా ఉద్దేశంలో అది టైమ్ వేస్ట్. ఎనిమిది దగ్గర ఉండే ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ పడిపోయిందంటే అందులో ఎనిమిదో వంతు పోయినట్టే. అదే సమయంలో కాల్షియం తగ్గేది 420లో ఏడు పీపీఎమ్. గులాబీ రంగు నీలంగా మారే సాలిఫర్ట్ కిట్‌లో ఒక చుక్క అటూ ఇటూ అయితే ఆ తేడా మాయం. నేను ఆల్కలినిటీని హానా చెకర్ అనే చిన్న మీటర్‌తో ఎప్పుడూ ఒకే వేళకి చూస్తాను, కాల్షియం ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు. మెగ్నీషియం మాత్రం 1300 పీపీఎమ్ దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. అది బాగా పడిపోతే మీరెంత పోసినా కాల్షియం, కార్బొనేట్ కలిసి హీటర్ మీదా పంపుల మీదా సున్నంగా పేరుకుంటాయి.

తేటకి ఉన్న అసలు బలం పీహెచ్. చలికాలం కిటికీలన్నీ మూసేస్తే ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ట్యాంక్ పీహెచ్ పడిపోతుంది. సంక్రాంతికి ఇంటి నిండా జనం, గ్యాస్ స్టవ్ మీద పొద్దున్నుంచీ అరిసెలు! ఆ రోజు మీటర్ 7.8 చూపించింది, మామూలుగా అయితే 8.2. హైడ్రాక్సైడ్ ఆ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని బైకార్బొనేట్‌గా మారుస్తుంది. పీహెచ్ ఎలాగూ తగ్గేది రాత్రి కాబట్టి, నేను రాత్రిపూటే డోసింగ్ పంప్‌తో కొంచెం కొంచెంగా వదులుతాను. తేట పీహెచ్ 12కి పైనే, ఒక్కసారి గుమ్మరిస్తే పగడాలు తట్టుకోలేవు. కలిపేటప్పుడు కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

ఇక చిరాకులు. ఆవిరైనన్ని నీళ్లే పోయగలం, దానికి మించి కుదరదు. ఆవిరి వాతావరణాన్ని బట్టి మారుతుంది గానీ పగడాల ఆకలిని బట్టి కాదు. హీటర్ నడిచే జనవరిలో గాలి పొడిగా ఉండి నీళ్లు గబగబా తగ్గుతాయి, వానలు పడే మే నెలలో అంత తగ్గవు. పైగా పగడాలు పెద్దవయ్యాక మా ట్యాంక్ రోజుకి 2 డీకేహెచ్ దాటి తినేస్తోంది. ఆ మిగతాది టూ-పార్ట్‌తో నింపుతున్నాను. వంట సోడాని ఓవెన్‌లో 300 ఫారన్‌హీట్ దగ్గర గంటసేపు ఉంచితే సోడియం కార్బొనేట్ తయారవుతుంది, పీహెచ్‌కి అదే మంచిది. కాల్షియం, సోడా రెండూ ఒకే చోట పడకూడదు, తెల్లటి మబ్బులా విరిగిపోతాయి.

పంప్ గొట్టం చివర సున్నం కట్టి మూసుకుపోతుంది, వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. గొట్టం చివర నీళ్లకి తగలకుండా కాస్త పైన ఉంచితే ఆ పని తగ్గుతుంది. తేట డబ్బాకి మూత సరిగ్గా లేకపోతే పైన మీగడలా తెట్టు కడుతుంది, బలం తగ్గిపోతుంది. ఆటో టాప్-ఆఫ్ సెన్సార్‌కి (నీటి మట్టం తగ్గితే దానంతటదే నీళ్లు నింపేది) నేరుగా తగిలించడం నాకిష్టం లేదు. అది ఇరుక్కుంటే డబ్బా మొత్తం ట్యాంక్‌లోకి పోతుంది, ఇక ఆ టెన్షన్‌తో ఊరెళ్లలేం. ఎంత పోయాలో నేనే నిర్ణయించి టైమర్ పెట్టిన పంప్‌కే ఇస్తాను. ప్లెయిన్ ఆర్వో నీళ్లకి సెన్సార్ వేరే.

పిల్లల గదిలో చిన్న ట్యాంక్ ఉంది. దానికి మాత్రం ట్రాపిక్ మారిన్ వాళ్ల ఆల్-ఫర్-రీఫ్ పోస్తున్నాను. ఒకే సీసా, కలిపే పనీ లేదు, కొలిచే గొడవా తక్కువ. అందులోని ఫార్మేట్‌ని బ్యాక్టీరియా తిన్నాకే ఆల్కలినిటీ పైకి వస్తుంది కాబట్టి పోసిన వెంటనే టెస్ట్ చేసి కంగారు పడొద్దు. పెద్ద ట్యాంక్‌కి అదే పోస్తే నెల బిల్లు చూసి మా ఆవిడ ఊరుకోదు.