నిప్పుచీమల మందులు: మూడేళ్లు వాడాక నా మాట

స్ప్రే డబ్బా మీద చీమ బొమ్మ ఎంత భయంకరంగా ఉంటే లోపల మందు అంత గట్టిదనుకుని మొదటి ఏడాదంతా వృథా చేసుకున్నాను. అదే తప్పు మీరూ చేయకుండా ఉంటారని రాస్తున్నా.

ముందు మీ పెరట్లో ఉన్నవి నిప్పుచీమలా (ఫైర్ యాంట్స్), మామూలు ఎర్రచీమలా అన్నది తేల్చుకోండి. దక్షిణ అమెరికా నుంచి 1930ల్లో అమెరికాకు చేరి, తర్వాత చాలా దేశాలకు పాకినవి ఈ నిప్పుచీమలు. పుట్ట మెత్తటి మట్టికుప్పలా ఉంటుంది, పైన కన్నం కనిపించదు. పొడుగాటి పుల్లతో కాస్త కదిపితే చాలు, వందల చీమలు పొంగుకొచ్చి ఆ పుల్ల పైకే ఎక్కేస్తాయి. కుట్టే పద్ధతి కూడా వేరే, దవడలతో చర్మాన్ని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ మళ్లీ మళ్లీ పొడుస్తుంది. మర్నాటికి తెల్లటి చీము పొక్కులు వస్తాయి, వాటిని చిదపకండి. కుట్టాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి పరుగెత్తాలి.

ఇక స్ప్రే సంగతి. పుట్ట మీద కొడితే కళ్లముందే కుప్పలు కుప్పలుగా చస్తాయి, మనసుకి భలే హాయిగా ఉంటుంది. కానీ రాణి ఎక్కడో లోతున ఉంటుంది, పెద్ద పుట్టలో 2 లక్షల చీమలు కూడా ఉంటాయి, పైన చచ్చినవి ఏ లెక్కలోకీ రావు. నాకైతే వారం తిరక్కుండా రెండు మూడు అడుగుల అవతల కొత్త పుట్ట లేచింది. ఇంట్లోకి వచ్చిన చీమల బారుకు ఆ స్ప్రే కూడా అక్కర్లేదు, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు కొట్టి తుడిస్తే పోతుంది.

మరిగే నీళ్లూ పోశాను. పుట్టకు పది పన్నెండు లీటర్లు పోయాలి, పది పుట్టల్లో ఓ ఆరు పోతే గొప్ప. రసాయనం లేదన్న మాట నిజమే గానీ ఆ చుట్టూ గడ్డి మాడిపోయింది, ఓసారి చిందిన నీళ్లకు నా పాదమూ కాలింది. పిల్లలు తిరిగే చోట నేనైతే వద్దంటాను. రవ్వ చల్లితే తిని పొట్ట ఉబ్బి చస్తాయన్నది ఉత్త కబురు, ఎదిగిన చీమలు గట్టి తిండి మింగలేవు, ద్రవమే తాగుతాయి. పెట్రోలు పోసే ఆలోచన అసలు పెట్టుకోకండి, నిప్పంటుకుంటుంది, నేల పాడవుతుంది, భూమిలోని నీళ్లూ పాడవుతాయి.

నాకు పనిచేసింది ఎర మందు. సోయా నూనెలో విషం కలిపి మొక్కజొన్న నూకకు పట్టిస్తారు. విషం వెంటనే చంపదు, అసలు కిటుకు అదే. చీమ దాన్ని పుట్టలోకి మోసుకెళ్లి, నోటి నుంచి నోటికి పంచుతుంది, చివరికి రాణి నోట్లోనూ పడుతుంది. అయితే మొదటిసారి ఇదీ పనిచేయలేదు, తప్పు పూర్తిగా నాదే. పొద్దున్నే మంచు తడి ఉండగా, పుట్టను పుల్లతో కెలికి మరీ దాని నెత్తిన పోశాను. తడిస్తే ఎర చెడిపోతుంది, కెలికితే చీమలు తిండి మానేసి కాపలాకు దిగుతాయి. రెండోసారి, కిందటేడాది మూత తీసి వదిలేసిన డబ్బాలోది వేశాను. నూనె ముక్కిన వాసన కొడుతోంది, చీమలు దాన్ని తప్పుకుని పోయాయి. పెట్రోలు డబ్బా పక్కన పెట్టినా ఎర ఆ వాసన పీల్చుకుంటుంది.

ఇప్పుడు ఎర వేసే ముందు ఒక చిప్స్ ముక్క నేల మీద పెడతాను. అరగంటలోపు చీమలు మూగితే అవి తిండికి తిరుగుతున్నట్టు, లేకపోతే ఆ రోజుకు మానేస్తాను. నేల పొడిగా ఉండాలి, మరో రోజంతా వాన రాకూడదు, ఎండాకాలమైతే సాయంత్రమే మేలు. పుట్ట మీద కాకుండా చుట్టూ పలచగా చల్లుతాను. పలచగా అంటే నిజంగా పలచగానే, చాలా ఎరలు ఎకరానికి కిలో కూడా పట్టవు. నూక పలుకొకటి పట్టుకుని ఒక చీమ వెనక్కి నడుస్తూ గడ్డి మొదట్లోని సన్నటి సందులోకి లాక్కుపోవడం చూశాక, స్ప్రే మీద మోజు పూర్తిగా పోయింది.

ఏ విషం కలిపిన ఎర అంటే, ఇండాక్సాకార్బ్ కొన్ని రోజుల్లోనే తేల్చేసింది. హైడ్రామెథిల్నాన్ రెండు వారాలు తీసుకుంది, ఎండ తగిలితే దాని పస పోతుంది. ఎస్-మెథోప్రీన్ లాంటివి పిల్లచీమల ఎదుగుదలను ఆపుతాయంతే, ఉన్నవి ముసలివై చచ్చేదాకా నెలలు ఆగాలి. కూరగాయల మడిలో మాత్రం స్పైనోసాడ్ ఎరే వాడాను, అదీ లేబుల్ మీద కూరగాయలకు అనుమతి ఉందని చదివాకే. లేబుల్‌లో లేని చోట ఏ మందూ వేయకండి. పుట్టల్లో పోసే పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు చేపలకు ప్రాణాంతకం, చెరువో కాలవో దగ్గర్లో ఉంటే వాటి జోలికి పోవద్దు. కరెంటు పెట్టెల్లో, ఏసీల్లో కూడా నిప్పుచీమలు దూరతాయి, అక్కడ నీళ్లూ ద్రవాలూ పోయకుండా బయట చుట్టూ ఎర చల్లితే చాలు.

నడిచే దారిలో ఉన్న పుట్టలకు మాత్రం, ఎర చల్లి వారం పదిరోజులు ఆగాక, విడిగా మందు పోశాను. ముందే పోస్తే ఎర తినేవాళ్లే ఉండరు.

పోయిన వారం మళ్లీ చిప్స్ ముక్క పెట్టాను. ముప్పావుగంటకి చిన్న నల్లచీమలు నాలుగు వచ్చాయి, నిప్పుచీమ ఒక్కటీ లేదు. కొత్తగా దిగే నిప్పుచీమల రాణుల్ని ఈ స్థానిక చీమలే చంపుతాయి, అందుకని ఎర డబ్బా మూత తీయకుండానే లోపలికి వచ్చేశాను.