రెండున్నరేళ్లు ఇంట్లో నెట్‌వర్కింగ్ ల్యాబు: పనికొచ్చిందేది, అటకెక్కిందేది

"ఏంరా నాయనా, ఇంట్లో పిండిమిషన్ పెట్టినావా?" మొదటి స్విచ్చుకు కరెంటిచ్చిన రోజు మా అమ్మ అడిగిన మాట ఇది. సిస్కో కంపెనీ 2960, కంప్యూటర్లను కేబుళ్లతో ఒక నెట్‌వర్కుగా కలిపే పెట్టె, 24 పోర్టులది. ఆఫీసులో ఏసీ గది తలుపు వెనక ఉన్నప్పుడు వినబడని ఫ్యాను, అనంతపురంలో మా పది బై పది గదిలో టేబుల్ మీద పెడితే ఊరంతా వినబడినట్టుంటుంది. కొనేముందు నాకీ సంగతి ఒక్కరూ చెప్పలేదు. అందుకే ముందు చెప్తున్నా.

సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏ 200-301 కోసం 2023 మొదట్లో ఇదంతా మొదలుపెట్టినా. పొద్దున రైలెక్కి బెంగళూరులో పాత ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్డుకు పోయి, సాయంత్రానికి బ్యాగు నిండా ఇనుము మోసుకొచ్చినా. 2960 స్విచ్చులు రెండు ₹5,400, వేర్వేరు నెట్‌వర్కులను కలిపే 1841 రౌటర్లు రెండు ₹4,400, రౌటర్లను ఒకదానికొకటి కలిపే పాతకాలం సీరియల్ కార్డులూ కేబుళ్లూ ₹1,900, పెట్టెను లాప్‌టాప్ నుంచి సెట్ చేసే కన్సోల్ కేబుళ్లు ₹950. మొత్తం ₹12,650.

అందులో ₹1,900 శుద్ధ దండగ. పాత నోట్సు చూసి, సీరియల్ లింకు లేకుండా ల్యాబేంది అనుకుని కొన్నా. లింకు వేగాన్ని నిర్ణయించే డీసీఈ వైపు క్లాక్ రేటు 64000 పెట్టి లైను పైకి లేస్తే మురిసిపోయినా కూడా. తర్వాత సిలబస్ నిదానంగా చదివితే, 2020 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త పరీక్షలో సీరియల్, దాని మీద నడిచే పీపీపీ ప్రోటోకాల్ లేనే లేవు. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతుల్లో ఈఐజీఆర్‌పీ కాన్ఫిగరేషన్ కూడా పోయింది, ఓఎస్‌పీఎఫ్ ఒక్కటే మిగిలింది. సిలబస్ చదివి షాపుకు పోవాల గానీ, షాపుకు పోయొచ్చి సిలబస్ చదివితే ఇట్లే ఉంటుంది.

కన్సోల్ కేబుల్‌లోనూ ఒక దెబ్బ తిన్నా. మొదట తెచ్చిన ₹300ల యూఎస్‌బీ కేబుల్ పెడితే విండోస్ డివైస్ మేనేజర్లో పసుపు ముక్కోణం తప్ప ఏమీ రాలేదు, లోపల నకిలీ చిప్పు. మళ్లీ ₹650 పెట్టి ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పున్నది తెస్తే పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో 9600 స్పీడుకు వెంటనే అక్షరాలు పడినాయి. కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

రెండో స్విచ్చుకు పాస్‌వర్డ్ ఉంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మాకేం తెలుసు సార్" అన్నాడు. 2960కి పవర్ బటన్ ఉండదు. ముందువైపు ఎడమపక్క మోడ్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటివ్వాల. గోడ స్విచ్చేమో గదికి ఆ చివర. "అమ్మా, ఇప్పుడెయ్యి" అని అరిచినా. అమ్మ వేసింది. సిస్ట్ (సిస్టమ్) లైటు ఆకుపచ్చగా మినుకుమినుకుమని, ఒక క్షణం కాషాయానికి మారి, మళ్లీ నిలకడగా పచ్చబడేదాకా వేలు తీయలేదు. ఫ్లాష్‌ను (లోపలి మెమరీని) ఇనిషియలైజ్ చేసి, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చి, బూట్ చేస్తే పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చింది. కంప్యూటర్లోనే నెట్‌వర్కును అనుకరించే సిస్కో ప్రోగ్రాం ప్యాకెట్ ట్రేసర్లో ఇట్లాంటి ముచ్చట దొరకదు.

లోపలికి పోయినాక సెట్టింగులు చెరిపే రైట్ ఎరేజ్ కొట్టి రీలోడ్ చేసినా. అయినా వీల్యాన్లు, అంటే ఒకే స్విచ్చులో విడదీసిన వేర్వేరు నెట్‌వర్కులు, చూపించే షో వీల్యాన్ కొడితే "అకౌంట్స్", "సీసీటీవీ", "ఎండీ క్యాబిన్" అని ఎవరిదో ఆఫీసు అంతా అట్లే ఉంది! ఆ పేర్లు ఉండేది స్టార్టప్ కాన్ఫిగ్‌లో కాదు, ఫ్లాష్‌లోని vlan.dat అనే వేరే ఫైల్లో. దాన్ని విడిగా డిలీట్ చేయాల. పుస్తకంలో ఈ ముక్క మూడుసార్లు చదివినా తలకెక్కలేదు, ఆ ఎండీగారి క్యాబిన్ చూసినాక ఇంతవరకు మరవలేదు.

స్విచ్చుల మధ్య డేటా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా ఆపే స్పానింగ్ ట్రీ కూడా అంతే. ప్యాకెట్ ట్రేసర్లో ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కి ముందుకు పోతాం. ఇక్కడ కేబుల్ గుచ్చినాక పోర్టు లైటు కాషాయం నుంచి పచ్చకు తిరగడానికి 30 సెకన్లు కూర్చోవాల్సిందే. 15 లిజనింగ్, 15 లెర్నింగ్. ఈలోపు లాప్‌టాప్ ఐపీ కోసం అడిగి అడిగి, ఒక్కోసారి 169.254తో మొదలయ్యే అడ్రసు తనకు తానే పెట్టుకునేది. ఈ ఎదురుచూపు లేకుండా పోర్టును వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ ఎందుకో అప్పుడు అర్థమైంది. ఒకరోజు కావాలనే స్పానింగ్ ట్రీ ఆపేసి రెండు స్విచ్చుల మధ్య రెండు కేబుళ్లు వేసినా. లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయి, కన్సోల్లో నేను టైప్ చేసిన అక్షరం ఎప్పటికో గానీ రాలేదు. ఒక కేబుల్ పీకగానే అంతా సద్దుమణిగింది.

ఇక లోటుపాట్లు. ఒక స్విచ్చులోని ఐఓఎస్ (సిస్కో ఆపరేటింగ్ సిస్టమ్) ఇమేజ్ పేరులో, ఎన్‌క్రిప్షన్ ఉందని చెప్పే కే9 లేదు. అంటే దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ రాదు, క్రిప్టో కీ కమాండే తెలియదంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ పరీక్షలో ఉన్న అంశం. షాపులోనే కన్సోల్ పెట్టించి షో వెర్షన్ చూసుంటే తప్పిపోయేది. 2960 రెండో లేయరు స్విచ్చు కాబట్టి వీల్యాన్ల మధ్య డేటా పంపే ఇంటర్ వీల్యాన్ రూటింగ్ అంతా 1841 మీద, ఒకే పోర్టును భాగాలు చేసే సబ్ ఇంటర్‌ఫేసులతోనే చేసినా. దానికి ఒక్క రౌటర్ చాలు. రెండోది సీరియల్ మోజులో కొన్నదే.

నాలుగు పెట్టెలూ కలిసి మీటర్లో 110 వాట్లు చూపించినాయి. రోజుకు మూడు గంటలైతే నెలకు పది యూనిట్లు, అది పెద్ద లెక్క కాదు. వేడి మాత్రం లెక్కే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం గది గోడలే కాలుతుంటాయి, ఆ పూట ల్యాబు ముట్టుకునేదాన్నే మానేసినా. రాత్రి తొమ్మిది తర్వాతే. రెండో వేసవికి ఒక స్విచ్చు ఫ్యాను మా ఊరి దుమ్ము మింగి నిలిచిపోయింది. మూత విప్పి, బ్రష్షుతో ఊడ్చి, బొట్టు మిషన్ నూనె వేస్తే తిరిగింది.

మొదటిసారి పరీక్ష తప్పినా. తప్పు ఇనుముది కాదు, నాది. సిలబస్‌లో ఆటోమేషన్‌కు 10 శాతం ఉంది, వైర్‌లెస్ కంట్రోలర్ ఉంది. నా పాత పెట్టెలు వీటిలో దేనికీ పనికిరావు. 1841కి ఐఓఎస్ 15.1 దాటి రాదు కూడా. నేనేమో రోజూ కేబుళ్లు పీకి పెట్టుకుంటూ చదువుతున్నాననుకున్నా. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పైన జీఎస్టీ. ఒక్క అటెంప్టు ఖర్చే ల్యాబు ఖర్చుకు రెట్టింపు దాటింది! రెండోసారికి పద్ధతి మార్చినా. ఓఎస్‌పీఎఫ్, నాట్, ఏసీఎల్, ఐపీవీ6, వైర్‌లెస్ అనే సిలబస్ అంశాలన్నీ ప్యాకెట్ ట్రేసర్లో. నిజం స్విచ్చులు శనివారం రాత్రి మాత్రమే, కొన్ని కేబుళ్లను ఒకే లింకుగా కలిపే ఈథర్‌ఛానల్‌కీ, పోర్టుకు ఏ పరికరం తగులుకోవచ్చో కట్టడి చేసే పోర్ట్ సెక్యూరిటీకీ. పాసైనా.

ఇప్పుడెవరైనా అడిగితే ఇట్లా చెప్తా. ముందు మూడు నెలలు ఉచితంగా వచ్చే ప్యాకెట్ ట్రేసర్‌తోనే చేయండి. చేతికి నిజమైన పెట్టె కావాలనిపిస్తే 2960లోనే 8 పోర్టులది రెండు కొనండి, దానికి ఫ్యానే ఉండదు, అమ్మతో మాట పడే పని లేదు. ఒక మంచి కన్సోల్ కేబుల్. అంతే. రౌటర్లకు సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అనే ప్రోగ్రాం ఉచిత వెర్షన్ ఐదు నోడ్ల (పరికరాల) దాకా ఇస్తుంది, లాప్‌టాప్‌లో మెమరీ ఉంటే చాలు.

మా పిన్ని కొడుకు డిప్లొమా చదువుతున్నాడు, స్విచ్చులు రెండూ ఇప్పుడు వాడి దగ్గర. ఒక రౌటర్ సగం ధరకు అమ్మేసినా. సీరియల్ కేబుళ్లు మాత్రం అటక మీద ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి, అమ్మబోతే అడిగినోడు లేడు.